ఓడ సరకు – నమ్మకపు ముద్ర

బాపట్ల జిల్లా సముద్రతీరమున మోటుపల్లి యను గ్రామమొకటి కలదు. నేడచ్చట ఓడలు ఆగుట లేదు. కాకతీయుల కాలమున మాత్రము అది విదేశ వర్తకమునకు పేరుగన్న రేవు. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సరమున ఆ రేవునందొక శాసనము వేయించెను. చరిత్రకారులు దానిని అభయశాసనమని వ్యవహరింతురు. అంతకు పూర్వము రాజులు, గాలివానకు చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతటిని బలవంతముగా లాగికొనుచుండిరి. బంగారమైనను, ఏనుగులైనను, గుఱ్ఱములైనను, రత్నములైనను వర్తకునికి తిరిగి దక్కెడివి కావు. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పించెను. ప్రాణములకు తెగించి సముద్రము దాటివచ్చు వర్తకుని యొద్ద నియమిత సుంకము తప్ప మరేమియు గైకొనబోమని మాట యిచ్చెను. ఆ సుంకమును ముప్పదింట ఒక వంతుగా నిర్ణయించి, అందరికిని తెలియునట్లు రాతిపై చెక్కించెను.

సముద్రముపై వచ్చు సరకునకు రక్షణ కల్పించుట ప్రభుత్వ ధర్మమనియు, రక్షణ యున్న చోటికే వర్తకులు వత్తురనియు ఏడు వందల యెనుబది ఏండ్ల క్రిందటనే ఒక తెలుగు ప్రభువు గ్రహించెను. నాడు భయమంతయు వర్తకునిది. గాలివాన భయము, దొంగల భయము, తీరమునందలి అధికారి భయము. అట్టి భయము నేటికిని పూర్తిగా తొలగిపోలేదు. సోమాలియా తీరమున సముద్రపు దొంగల బెడద మిక్కుటమైనప్పుడు మన నౌకాదళము 2008 అక్టోబరు నుండి ఏడెన్ సింధుశాఖలో కావలి కాయ నారంభించెను. 2023 నవంబరు నుండి ఎఱ్ఱసముద్రమున హౌతీలు ఓడలపై దాడులు సాగింపగా, పెక్కు ఓడలు సూయెజ్ కాలువ దారి విడిచి ఆఫ్రికా ఖండమును చుట్టి పోవలసి వచ్చెను.

అయితే ఈ శతాబ్దమున పాత భయమునకు తోడుగా క్రొత్త భయమొకటి పుట్టినది. సరకునకేమగునో యనునది పాత భయము. సరకు వలన మనకేమగునో యనునది క్రొత్త భయము. ఈ రెండవ భయమును ఎదుర్కొనుటకు ప్రభుత్వములు ఏమేమి చేసినవి, వానిలో ఏవి ఫలించినవి, వాని బరువు ఎవరిపై పడినది అను విషయములను మనము ఇప్పుడు విచారింతము.

ఈ భయమునకు మూలమేమో తెలిసికొనవలెనన్న ముందుగా ఒక ఇనుప పెట్టెను గూర్చి తెలిసికొనవలెను. పూర్వము ఓడ సరకు బస్తాలుగా, పీపాలుగా, మోపులుగా వచ్చెడిది. కూలీలు ఒక్కొక్క బస్తాను వీపుపై మోసికొని దించుచుండిరి. ఓడ రేవులో దినముల తరబడి నిలిచి యుండెడిది. ఆ పద్ధతిలో దొంగతనములకు కొదువ లేదు గాని, వచ్చిన సరకేదో పదిమంది కన్నులకును కనబడుచుండెను. 1956 ఏప్రిలు 26వ తేదీన మాల్కమ్ మెక్లీన్ అను అమెరికా దేశపు లారీల వ్యాపారి, నూవార్క్ రేవు నుండి హ్యూస్టన్ రేవునకు ఒక ఓడపై 58 పెట్టెలను పంపెను. లారీ మీది పెట్టెను పెట్టెగానే యెత్తి ఓడలో నుంచుట, ఓడ మీది పెట్టెను పెట్టెగానే దించి లారీపై నుంచుట – ఇదియే ఆయన చూపిన మార్గము. దానినే నేడు మనము కంటెయినరు అనుచున్నాము.

నేడు ప్రపంచ వాణిజ్యమున పరిమాణమును బట్టి చూచినచో నూటికి ఎనుబది పాళ్లకు మించిన సరకు సముద్రముపైననే నడచుచున్నది. వస్త్రములు, యంత్రభాగములు, మందులు, ఆటవస్తువులు, ఇండ్లలోని రేడియోలు, టెలివిజన్లు – వీనిలో అధికభాగము కంటెయినరులలో ప్రయాణము చేయుచున్నవి. ఇరువది అడుగుల పెట్టెలను ఇరువదినాలుగు వేలకు పైగా మోయగల ఓడలు నేడున్నవి. సరకు నింపిన చోట తలుపులు మూసి ముద్ర వేసినచో, మరల గమ్యస్థానమున గాని తెరువరు. నడుమ రైలు, లారీ, ఓడ, క్రేను మారుచున్నను పెట్టె మారదు. కావుననే ఖర్చు తగ్గినది, దొంగతనము తగ్గినది, కాలము కలిసివచ్చినది. కాని దానిని మోయువాడెవ్వడును లోపలనేమున్నదో ఎరుగడు. పెట్టెపై నున్న నాలుగు అక్షరములు, ఏడు అంకెలు, చేతిలోని కాగితము – ఇవియే వానికి తెలిసిన సమస్తమును.

2001 సెప్టెంబరు 11వ తేదీన న్యూయార్క్, వాషింగ్టన్ నగరములపై విమానములతో దాడి జరిగిన పిమ్మట, అమెరికా ప్రభుత్వమునకు ఈ కాగితము మీది నమ్మకము సడలెను. ప్రయాణికుల విమానమే ఆయుధము కాగా, ఇనుప పెట్టె ఏల కాకూడదు? సరకు తమ రేవునకు చేరిన పిదప పరీక్షించుట ఆలస్యమే యగునని వారు తలచిరి. పెట్టెలో ప్రమాదకరమైన వస్తువున్నచో అది రేవు చేరుటయే ప్రమాదము గదా! కావున తనిఖీని తమ తీరము నుండి ఎదుటివారి తీరమునకు మార్చవలెనని నిశ్చయించిరి. తరువాత వచ్చిన ఏర్పాటులన్నియు ఈ ఒక్క ఆలోచన నుండి పుట్టినవే.

ఆ నవంబరుననే, తమ కర్మాగారములను, గిడ్డంగులను, లారీలను కట్టుదిట్టము చేసికొను వ్యాపారసంస్థలకు కస్టమ్సు తనిఖీలు తగ్గించు పథకమొకటి అమెరికాలో ఆరంభమయ్యెను. కొలది సంస్థలతో మొదలైన ఆ పథకమున నేడు పదివేలకు మించిన సంస్థలు చేరియున్నవి. 2002 జనవరిలో కంటెయినరు భద్రతా పథకము ప్రకటింపబడెను. దీని ప్రకారము అమెరికా కస్టమ్సు అధికారులు విదేశపు రేవులలో మకాము పెట్టి, అనుమానాస్పదమైన పెట్టెలను గుర్తింతురు. తనిఖీ చేయుట మాత్రము ఆ దేశపు అధికారుల పని. కోరినచో ఆయా దేశముల వారును తమ అధికారులను అమెరికా రేవులకు పంపవచ్చును. కెనడా, జపాను దేశములట్లు పంపినవి కూడ. కెనడా రేవులతో మొదలై, రాటర్‌డామ్, సింగపూరు, కొలంబో మొదలగు రేవులకు ఈ పథకము వ్యాపించినది. మన విశాఖపట్టణము నుండి బయలుదేరు పెట్టెలలో పెక్కు కొలంబో, సింగపూరు రేవులలోనే పెద్ద ఓడలకు మారుచుండును. కనుక ఈ వ్యవహారము మనకు దూరమైనది కాదు.

ఇట్టి పథకము నడువవలెనన్న పెట్టెలోని సరకు వివరము ముందుగా తెలియవలెను గదా. అందుచేత 2002 డిసెంబరు నుండి ఇరువదినాలుగు గంటల నియమమొకటి అమలులోనికి వచ్చెను. అమెరికాకు పోవు కంటెయినరును విదేశపు రేవులో ఓడపైకి ఎక్కించుటకు ఇరువదినాలుగు గంటలు ముందుగానే, దానిలోని సరకేదో, పంపువారెవరో, పొందువారెవరో తెలియజేయవలెను. వివరము సరిగా లేనిచో ఎక్కింపవద్దని ఉత్తరువు వచ్చును. అంతకుముందు ఓడ కాగితములలో ‘కలగలుపు సరకు’ అనియు, ‘ఉన్నదని చెప్పబడిన సరకు’ అనియు వ్రాయుట పరిపాటిగా నుండెడిది. అట్టి మాటలు ఇక చెల్లకపోయెను. మిగిలిన ఏర్పాటుల కంటె ఈ చిన్న నియమమే ఎక్కువ మేలు చేసినదని మా అభిప్రాయము. ఏలయన, పెట్టెను తెరువకుండగనే దానిని గూర్చి ప్రశ్నించుటకు ఇది వీలు కల్పించినది. ఎన్నడును ఆ సరకు వ్యాపారము చేయనివాడు అకస్మాత్తుగా నేల తెప్పించుచున్నాడు? దగ్గరి దారి యుండగా చుట్టుదారిని ఏల పట్టినాడు? సరకు వెలకంటె ఓడ కిరాయి ఎక్కువైనను ఏల పంపుచున్నాడు? ఇట్టి ప్రశ్నలకు సమాధానము దొరకని పెట్టెనే తెరచి చూతురు, మిగిలినవి సాగిపోవును.

ఓడలకును, రేవులకును సంబంధించిన కట్టుబాటు వేరుగా నేర్పడినది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2002 డిసెంబరులో లండనులో సమావేశమై ఓడల, రేవుల భద్రతా నియమావళిని ఆమోదించెను. అది 2004 జులై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చెను. అంతర్జాతీయ ప్రయాణము చేయు ప్రతి పెద్ద ఓడకును, అట్టి ఓడ ఆగు ప్రతి రేవునకును భద్రతాధికారి యుండవలెను. వ్రాతపూర్వకమైన భద్రతా ప్రణాళిక యుండవలెను. లోనికి వచ్చిపోవువారి లెక్క యుండవలెను. విశాఖలో గాని, కాకినాడలో గాని నేడు అనుమతిపత్రము లేనివారు రేవులోనికి పోజాలకుండుటకు కారణము ఈ నియమావళియే.

ఇక యంత్రముల మాట. పెట్టెను తెరువకుండ లోపలి వస్తువుల నీడను చూపు గామా కిరణముల యంత్రములును, ఎక్స్‌రే యంత్రములును, అణుధార్మిక పదార్థమును పసిగట్టు ద్వారములును అనేక రేవులలో నెలకొల్పబడినవి. ఇవి గొప్ప సాధనములే. కాని యంత్రము నీడను చూపునే గాని తీర్పు చెప్పజాలదు. గ్రానైటు రాయి, పింగాణీ పెంకులు, తుదకు అరటిపండ్లు సైతము స్వభావసిద్ధముగా స్వల్పమైన అణుధార్మికత కలవి కావున, అవి పోవునప్పుడును ఆ ద్వారములు గంట కొట్టుచుండును. మరియొక వైపున, నిజమైన ప్రమాదము చప్పుడు లేక దాటిపోవచ్చును. 2002లో అమెరికాలోని ఒక టెలివిజన్ సంస్థవారు పరీక్షార్థము శక్తి తగ్గించిన యురేనియమును 15 పౌనులు సీసపు కవచములో నుంచి, ఇస్తాంబులు నుండి న్యూయార్క్ రేవునకు కంటెయినరులో పంపిరి. దాని నెవ్వరును పట్టుకొనలేదు. హాని చేయని పదార్థమే యైనను, ఆ వార్త జనులను కలవరపెట్టినది.

జనులు కలవరపడినప్పుడు శాసనసభలు కఠినమైన చట్టములు చేయుట సహజము. 2007లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టము చేసెను. 2012 జులై నాటికి, తమ దేశమునకు వచ్చు ప్రతి కంటెయినరును విదేశపు రేవులోనే యంత్రముతో పరీక్షించి తీరవలెనని దాని సారాంశము. వినుటకిది ఎంతయో సబబుగా నున్నది. ప్రయోగముగా హోండూరస్ లోని ప్వెర్టో కోర్టెస్, పాకిస్తానులోని కాసిమ్, ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవులలో దీనిని అమలు జరిపి చూచిరి. రాకపోకలు తక్కువగా నున్న చోట పని కొంతవరకు సాగెను. పెద్ద రేవులలో మాత్రము చిక్కు లేర్పడెను. ఒక ఓడ నుండి దించి వెంటనే మరియొక ఓడకెక్కించు పెట్టెలను యంత్రము వద్దకు తీసికొనిపోవుటకు తావు లేదు, వ్యవధి లేదు. తీసిన లక్షలాది చిత్రములను చూచువారెవరు? ఖర్చు భరించువారెవరు? చిత్రమును చూచి పొరపడినచో బాధ్యులెవరు? యూరపు దేశములును, ప్రపంచ కస్టమ్సు సంస్థయు ఈ పద్ధతిని ఒప్పుకొనలేదు. 2012లో గడువు వాయిదా పడెను. ఆ పిమ్మటను మరల మరల వాయిదా పడుచునే వచ్చినది. చట్టము మిగిలినది గాని ఆచరణకు రాలేదు. అందరిని అనుమానించుట సులభము. అందరిని తనిఖీ చేయుట అసాధ్యము. దీని నుండి ప్రభుత్వములు నేర్చికొనిన పాఠమిదియే.

ఈ పాఠమునకు నిదర్శనము విమాన సరకులోను దొరికినది. 2010 అక్టోబరు చివర, యెమెన్ దేశము నుండి అమెరికాకు పంపిన రెండు పార్సెళ్లలో, అచ్చుయంత్రపు సిరా గుళికలలో పేలుడు పదార్థము దాచి యుంచిరి. ఒకటి దుబాయిలోను, మరియొకటి ఇంగ్లండులోని ఈస్ట్ మిడ్‌లాండ్స్ విమానాశ్రయమునను పట్టుబడినవి. ఇంగ్లండులో మొదటి తనిఖీలో యంత్రములకు గాని, వాసన పసిగట్టు కుక్కలకు గాని అది దొరకలేదు. ఏ పార్సెలును చూడవలెనో సౌదీ అరేబియా గూఢచారి శాఖవారు ముందుగా తెలియజేసి యుండుటచేతను, దుబాయిలో దొరికినదాని వివరము తెలిసిన పిమ్మట మరల వెదకుటచేతను ప్రమాదము తప్పినది. అటుపిమ్మట విమానము ఎక్కకముందే పార్సెళ్ల వివరములను తెప్పించుకొను పద్ధతిని అమెరికా ప్రయోగముగా ప్రారంభించి, 2018లో నిర్బంధము చేసినది.

ఒక్కొక్క దేశము ఒక్కొక్క నియమము పెట్టుకొన్నచో వర్తకుడు వేగలేడు. కావున బ్రస్సెల్స్ నగరమున నున్న ప్రపంచ కస్టమ్సు సంస్థ 2005 జూనులో అన్ని దేశములకును పనికివచ్చు ప్రమాణములను రూపొందించెను. వాని సారాంశము మూడు మాటలలో చెప్పవచ్చును. సరకు వివరము ముందుగా పంపవలెను. అనుమానమున్న వానినే తనిఖీ చేయవలెను. నమ్మదగిన వర్తకునికి మర్యాద చేయవలెను. ఈ మూడవ సూత్రము ననుసరించి మన దేశమున 2011లో ప్రామాణిక వర్తకుల గుర్తింపు పథకము మొదలై, 2016లో మూడు అంతస్తులుగా విస్తరింపబడెను. గుర్తింపు పొందిన వర్తకుని పెట్టెలకు తనిఖీలు తక్కువ, అనుమతులు త్వరితము. 2021లో మన దేశమును, అమెరికాయు పరస్పరము ఈ గుర్తింపును మన్నించుటకు ఒడంబడిక చేసికొనినవి.

ఈ భద్రత ఊరకనే రాదు. దీనికి మూల్యము కలదు. భీమవరము ప్రాంతపు చెరువులలో పెరిగిన రొయ్య, ప్యాకింగు కర్మాగారమున గడ్డకట్టి, మైనస్ 18 డిగ్రీల చలిలో నుంచిన పెట్టెలో విశాఖ రేవునకు పోవును. అమెరికా చిరకాలముగా దానిని కొనుచున్న పెద్ద గిరాకీదారు. పెట్టె ఎక్కడైన ఒక వారము నిలిచినచో విద్యుచ్ఛక్తి ఖర్చు, రేవు కిరాయి, తెరచి మూసిన కూలి – ఇవన్నియు సామాన్యముగా సరకుదారుని నెత్తిపైననే పడును. పెద్ద సంస్థకు కంప్యూటర్లు, కాపలాదారులు, కాగితములు చూచు ఉద్యోగులు ఉందురు. కనుక నమ్మదగిన వర్తకుడను గుర్తింపు దానికి సులభముగా లభించును. చిన్న ఎగుమతిదారుడు నిజాయితీపరుడైనను ఆ గుర్తింపునకు తగిన హంగులను సమకూర్చుకొనలేక, ప్రతి పర్యాయము వరుసలో నిలువవలసి వచ్చును. నిజాయితీని కొలుచుటకు సంపదను కొలబద్ద చేయరాదు. చిన్నవానికి శిక్షణ యిచ్చి, నియమములను వాని భాషలో తెలియజెప్పి, మెట్టు తగ్గించి చేయూత నిచ్చుట ప్రభుత్వముల విధి. సుంకమును ముందుగా నిర్ణయించి అందరికిని ఒక్క తీరున వర్తింపజేసిన మోటుపల్లి నీతి ఇచ్చట మార్గదర్శకము కాగలదు.

కాగితము అబద్ధమాడినచో ఎంత ప్రమాదమో మన యెదుటనే జరిగిన ఉదంతమొకటి తెలుపును. 2021 సెప్టెంబరులో గుజరాతులోని ముంద్రా రేవునందు, అందిన సమాచారము ననుసరించి రెవెన్యూ ఇంటెలిజెన్సు అధికారులు రెండు కంటెయినర్లను తెరచి చూచిరి. ఆఫ్గనిస్తానము నుండి ఇరాన్ లోని బందర్ అబ్బాస్ రేవు మీదుగా వచ్చిన ఆ పెట్టెలలో టాల్కు రాయి, అనగా ముఖమునకు పూసికొను పౌడరునకు వాడు రాయి, ఉన్నదని కాగితములు చెప్పినవి. లోపల దొరికినది 2,988 కిలోల హెరాయిను. సరకును తెప్పించిన సంస్థ నమోదైన చిరునామా విజయవాడలోని ఒక ఇల్లు! ఆ చిరునామా కేవలము నమోదునకే ఉపయోగింపబడినదని పోలీసులు నాడు ప్రకటించిరి. దోషులెవరో నిర్ణయించుట న్యాయస్థానము పని. దానిని గూర్చి మనము మాటలాడరాదు. కాని ఒక్క విషయము మాత్రము స్పష్టము. వేల మైళ్ల దూరమున కట్టిన మూట, సముద్రము దాటి వచ్చునప్పుడు, ఒక సామాన్య గృహపు చిరునామాను ముసుగుగా ధరించి రాగలదు.

కావున ఈ సరఫరా గొలుసులో మనమెవ్వరమును కేవలము ప్రేక్షకులము కాము. ఎగుమతి దిగుమతి లైసెన్సు కొరకని, కొంత సొమ్ము ముట్టజెప్పి, మన పేరును, మన ఇంటి చిరునామాను, గుర్తింపు పత్రములను వాడుకొనుటకు అనుమతి కోరువారు తటస్థపడవచ్చును. సంతకమే గదా, మనకేమి శ్రమ యని అంగీకరింపరాదు. ఆ సంతకమును చూచియే రేవునందలి అధికారి పెట్టెను నమ్మును. అట్లే లారీ నడుపువారు, గిడ్డంగి గుమాస్తాలు నేర్వవలసిన అలవాటొకటి కలదు. కంటెయినరు తలుపునకు వేసిన బోల్టు సీలును ముందు చూడవలెను, దాని మీది సంఖ్యను కాగితముతో సరిపోల్చవలెను, గట్టిగా లాగి చూడవలెను, త్రిప్పి చూడవలెను. సీలు చెక్కుచెదరకున్నను, తలుపు గడియ రివెట్లు ఊడదీసి లోనికి చొరబడు దొంగలు కలరు గనుక, బందులను, గడియలను కూడ పరికింపవలెను. దీనికి నిమిషము కాలము చాలును, యంత్రమక్కరలేదు.

పెట్టెలన్నిటిని తెరచి చూడగల ప్రభుత్వము ప్రపంచమున ఎచ్చటను లేదు; తెరువకుండగనే అన్నిటిని నమ్మగల ప్రభుత్వమును లేదు. ఈ రెంటి నడుమ నడుచుటకు మిగిలిన దారి, నిజమును ముందుగా చెప్పువానికి త్వరితముగా దారి యిచ్చి, అబద్ధమాడువానిని నిలువరించుట. ఆ దారి నిలుచుటకు ప్రభుత్వముల నియమము ఎంత అవసరమో, కాగితముపై సరకు పేరు వ్రాయువాని నిజాయితీయు, దానిపై సంతకము చేయువాని జాగరూకతయు అంతే అవసరము.